నిన్నటి వాన

తోటలో వాన పట్టే గరాటు ఎత్తి, కింది సీసాలోని నీటిని సన్నటి కొలతగ్లాసులోకి వంచి, విల్ఫ్రిడ్ టాలెంటైర్ కంటిని నీటిమట్టానికి దించాడు. చెక్కజోళ్లు చెక్కీ చెక్కీ కాయలు కాచిన వేళ్లు గ్లాసును నిటారుగా పట్టుకున్నాయి. అంకెను నిన్నటి తారీఖు కింద రాశాడు. పొద్దున కొలిచిన వాన ముందురోజుదే. ఇంగ్లండులోని ఈ వెస్ట్‌మోర్లాండ్ కొండల్లో వాన కొలిచేవాళ్లందరికీ అదే కట్టుబాటు.

తరవాత కోటు జేబు తడుముకున్నాడు. విక్టోరియా రాణి బొమ్మ తపాలా బిళ్ల అంటించిన ఉత్తరం ఉంది.

ఒకప్పుడు విల్ఫ్రిడ్, లోయకు ఆవలిపక్క పిండిమర నడిపే మోజెస్ గార్నెట్ జోడీగా వాన కొలిచేవారు. ఒక ఏడు విల్ఫ్రిడ్ లెక్క మరీ పెద్దదొచ్చింది. వాన లెక్కలు అచ్చువేసే లండన్ పత్రికకు మోజెస్ రాశాడు: "టాలెంటైర్ తోటలో సగం వాన మబ్బుల్లోంచి పడుతుంది, సగం కుక్క కాలెత్తితే పడుతుంది." విల్ఫ్రిడ్‌కు కుక్కే లేదు. అయినా ఆనాటి నుంచి ఊరు అతణ్ణి చూసి మొరుగుతూనే ఉంది.

ఆ తరవాత మోజెస్ గరాటు పక్కన ఒక మొక్క మొలిచింది. ఆల్డర్. జోళ్లు చెక్కే కలప అదే కాబట్టి, చర్చికి వెళ్తూ గోడ మీదుగా చూసి, రెండాకులప్పుడే విల్ఫ్రిడ్ పోల్చుకున్నాడు. నోరు మెదపలేదు. మొక్క చెట్టయింది. కొమ్మలు గరాటుకు గొడుగు పట్టాయి. ఏటేటా మోజెస్ అంకెలు తగ్గాయి. లోయ ఎండిపోతోందని అతడు పత్రికలో వాదిస్తుంటే, చదివిన ప్రతిసారీ విల్ఫ్రిడ్ కడుపు చల్లబడేది. పెరగనీ, ఇంకా పెరగనీ అనుకునేవాడు. ఇప్పుడిక ఆ చెట్టు సంగతంతా పత్రికకు రాసేశాడు.

గేటు దగ్గర టపా బండి ఆగింది. బండి తోలే ఏమస్ "భౌ" అన్నాడు. "ఏం మామా, రాత్రి నీ కుక్క బాగా తాగినట్టుందే."

"ఇది పట్టుకెళ్లు. ఇకమీదట ఎవర్ని చూసి మొరగాలో లండనోళ్లే అచ్చేస్తారు."

బండి కొండమలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి ఓట్స్ జావ తాగాడు. చాన్నాళ్లకు రుచి తెలిసింది.

గిన్నె ఖాళీ కాకముందే మోజెస్ చెల్లెలు డైనా వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"అన్నయ్య తెల్లారుజామున పోయాడు. నిన్న వాన మొదలవగానే తడుస్తూ ఆ చెట్టు కొట్టేశాడు, వద్దంటే విన్లేదు. వణుకుతూ పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. గరాటు ఎవరూ ముట్టుకోలేదు. నాకా పని చేతకాదు. నువ్వొచ్చి కొలువు విల్ఫ్రిడ్."

"చెట్టు సంగతి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నిన్న తలెత్తి చూశాడంతే. నవ్వాడు కూడా. 'విల్ఫ్రిడ్‌గాడు ఎప్పుడో చూసుంటాడే, చెప్పుండడు. నేనైనా చెప్పేవాణ్ణి కాదు' అన్నాడు."

విల్ఫ్రిడ్ కొండమలుపు వైపు చూశాడు. బండి లేదు.

మోజెస్ తోటలో చెక్కపేళ్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. గ్లాసులో నీళ్లు విల్ఫ్రిడ్ లెక్కతో సరిగ్గా సరిపోయాయి. తాను దెబ్బ కొట్టాలనుకున్న మనిషి ఆ దెబ్బ తనకు తానే కొట్టుకుని వెళ్లిపోయాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించాలో విల్ఫ్రిడ్‌కు తెలియలేదు. మోజెస్ వాన లెక్కల పుస్తకం తెరిచి, నిన్నటి తారీఖు కింద అంకె వేశాడు. నిన్న మోజెస్ ఉన్నాడు. ఈ వాన అతనిదే.

పుస్తకం డైనా చేతికిచ్చి, గోడ దాటి నడిచాడు. వెనక, నరికిన ఆల్డర్ మొద్దు గాలి తగిలి నెత్తురు రంగుకు తిరుగుతోంది. దాని మీద బోర్లించిన కొలతగ్లాసు అంచున ఒక చుక్క ఇంకా ఆగి ఉంది.