పాత గోడ తీసిన పొద్దు

పాత గోడలో చివరి రాయి కూడా బయటికి వెళ్ళాక, దుమ్ము సర్దుకునేదాకా హేమన్ మేస్త్రీ కళ్ళు మూసుకునే నిలబడ్డాడు. తెరిచి చూస్తే చర్చి వంకరగా ఉంది.

జనం నిలబడే హాలు ఒక దారిన పోతుంటే, దాని కొసన బలిపీఠం ఉన్న గది మూరెడు ఎడమకు ఒరిగింది.

పదేళ్ళ పని అది. ఆదివారం పూజ ఒక్క వారం కూడా ఆగకూడదని విదర్‌కూమ్ ఊరి పట్టు. అందుకని పాత చిన్న చర్చిని కూల్చకుండానే, దాని చుట్టూ కొత్త గోడలు లేపుకొచ్చాడు హేమన్. లోపల పూజ లోపలే, బయట సుత్తిదెబ్బలు బయటే. మధ్యలో ఆ పాత చర్చి అడ్డంగా ఉంటే ఈ కొస నుంచి ఆ కొసకు తాడు లాగేదెలా? పాత గోడ తిన్నగా ఉందని నమ్మి, దాన్నిబట్టే కొలుచుకున్నాడు. ఎప్పటివాళ్ళో దాన్ని వంకరగా కట్టేసి హాయిగా పోయారు. వాళ్ళ నిర్వాకానికి తలవంపులు మాత్రం ఇతనికి.

"నా గది తిన్నగానే ఉందయ్యా," అన్నాడు వెనకనుంచి ఫాదర్ థర్స్టన్. హాలు కట్టించడం ఊరివంతు, బలిపీఠం గది ఫాదరు వంతు. "వంకరంతా మీ హాల్లోనే."

"ఎగతాళి చాలించండి ఫాదర్. ఇక నా మొహం ఎవరికి చూపించను? నా చేత్తో నేనే కూల్చేస్తాను."

"పదేళ్ళు మోసిన రాళ్ళు మళ్ళీ మోయిస్తావా ఊరివాళ్ళచేత?"

హేమన్ నోరు తెరిచేలోగా పడమటి తలుపు తెరుచుకుంది. ఊరంతా లోపలికొచ్చింది. అందరికంటే ముందు ఇడోనియా ముసలమ్మ. మహమ్మారికి మొగుణ్ణీ నలుగురు బిడ్డల్నీ అప్పగించిన మనిషి. క్వారీ నుంచి వారంవారం తట్టతో రాళ్ళు మోసింది.

అప్పుడే తూర్పున రంగుటద్దాల కిటికీలోంచి ఎండ దిగింది. ఎరుపు, నీలం రంగులు స్తంభాల మీదుగా పాకి, పై కమానుల దాకా ఎక్కాయి. అంత ఎత్తు తమ చేతులతోనే లేచిందంటే ఎవరికీ నమ్మకం కుదరలేదు. టోపీలు తీసేశారు. దగ్గే వాళ్ళు కూడా దగ్గలేదు.

"అయ్యో, తల వాల్చేశాడే!" అంది ఇడోనియా.

"ఎవరమ్మా?" అన్నాడెవరో.

"ప్రభువురా! సిలువ మీద ఆయన తల అటే కదా వాలింది. ఈ హాలంతా ఆయన ఒళ్ళు. అదిగో, ఆ గది తల."

ఒక్కొక్కరే మోకరించారు.

హేమన్‌కు అది భరించరానిదైంది. వెళ్ళి ఆమె పక్కన వంగాడు. "అమ్మా, అందులో దేవుడి మహిమ ఏమీ లేదు. నా కొలత తప్పింది."

"తప్పితే తప్పనీ నాయనా," అంది ఆమె, చూపు తిప్పకుండానే. "ఇంతమందిని పూడ్చుకున్న ఊరు ఇది. బిగదీసుకుని నిలబడ్డ దేవుణ్ణి మేమేం చేసుకుంటాం?"

హేమన్ తలెత్తి చూశాడు. కట్టినవాడిలా కాక, మొదటిసారి వచ్చినవాడిలా చూశాడు.

కాసేపటికి ఫాదర్ థర్స్టన్ వచ్చి, "కూల్చడం ఎప్పుడు మొదలుపెడతావు?" అని మెల్లిగా అడిగాడు.

హేమన్ మోకాళ్ళ మీద ఉన్నాడు, ఏడుస్తున్నాడు.