కాకర రసంలో తెల్లపొడి

కాకరకాయ నాకు కొత్త కాదు. చిన్నప్పుడు కడుపులో పురుగులంటే మా అమ్మ కాకరాకు దంచి రసం తాగించేది. అరికాళ్లు మండితే అదే పసరు రాసేది. ముక్కు మూసుకుని మింగేవాణ్ని. అమ్మ మీద అనుమానం రాలేదు.

కోడలి మీద వచ్చింది.

నాకు షుగరని తేలాక రోజూ పొద్దున్నే కాకరకాయల గింజలు తీసి, రసం పిండి ఇచ్చేది. తాగేదాకా గుమ్మంలోంచి కదిలేది కాదు. మొదట బాగానే ఉంది. తరవాత చెయ్యి వణకడం మొదలైంది. నేను దర్జీని. చెయ్యి పోతే ఇంకేం మిగలదు. ఒకరి కోటు గుడ్డ మీద సుద్దగీత ఒకవైపు, కత్తెర ఒకవైపు పోయాయి.

పక్క షాపు రేడియో మెకానిక్ చూశాడు.

“ఏం బావా, చెయ్యి తాళం వేస్తోంది? పాట నన్ను పెట్టమంటావా?”

నేను కత్తెర పక్కన పెట్టేశాను.

“ఇంట్లో ఏం తాగిస్తున్నారో చూసుకో మరి.”

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం లోపల గుచ్చుకుంది. మా ఇంటి ముందుగదే నా షాపు. దాన్ని పడగ్గది చేసుకుందామని కోడలు మావాడితో అనడం ఓసారి విన్నాను.

మర్నాడు తాగాక గ్లాసు వెలుతురుకి పెట్టి చూశాను. అడుగున తెల్లగా ఏదో ఉంది. పీచు కాదు. వేళ్ల మధ్య నలిపితే సుద్దపొడిలా తగిలింది.

ఆ మరుసటి పొద్దున చప్పుడు చెయ్యకుండా వంటింటి తలుపు దగ్గర నిలబడ్డాను. కోడలు చెంచా వెనకతో ఏదో నలిపి రసంలో కలిపింది. వెనక్కి తిరిగి ఉలిక్కిపడింది.

“ఏంటి మావయ్యా, పిల్లిలా వచ్చారు?”

“ఏం లేదు.”

“తాగండి మరి.”

వద్దంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. తాగేశాను. ఇక ఆమె చేతి తిండి మాత్రం ముట్టకూడదనుకున్నాను. ఖాళీ కడుపుతోనే షాపులో నా మాత్ర వేసుకుని పనికి కూర్చున్నాను.

కాసేపటికి ఒళ్లంతా చెమట. కళ్లు మసకేశాయి. కత్తెర జారి పడింది. చప్పుడికి కోడలు పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి, మళ్లీ లోపలికెళ్లి గ్లాసుతో వచ్చింది.

“పంచదార నీళ్లు. నోరు తెరవండి!”

షుగరున్నవాడికి పంచదారా! పళ్లు బిగించాను.

“మావయ్యా, తెరవండి!”

“ముందు నువ్వు తాగు.”

ఆమె నా మొహంలోకి చూసింది. సగం గటగటా తాగి మిగతాది నా పెదాలకానించింది.

“ఈ గది కోసం చంపుతాననుకున్నారా? తాగండి.”

తాగాను. మెల్లగా చూపు తేరుకుంది.

“రసంలో ఏం నలిపావు?”

“మీ షుగరు మాత్ర. వంటింట్లో పెట్టిన మాత్రల అట్ట పెట్టినట్టే ఉంటోంది, మీరు వేసుకోవట్లేదనుకున్నా. అడిగితే గోడైనా పలుకుతుంది గానీ మీరు పలకరు. చేదులో చేదు తెలీదని కలిపా.”

మిషను సొరుగు లాగాను. నేను సొంతంగా కొనుక్కున్న మాత్రలున్నాయి. మందు నా చేత్తో నేను తెచ్చుకుంటేనే నాకు నమ్మకం.

కోడలు తల పట్టుకుంది. “అంటే రోజూ రెండు మాత్రలా? పైగా కాకర రసం కూడా షుగరు దించేదే కదా! పొద్దున టిఫిను తిన్నారా?”

“లేదు.”

“ఖర్మ!” అని అక్కడే కింద కూలబడింది.

డాక్టరు మాత్ర ఒకటే చాలన్నాడు, రసం ఆపమన్నాడు. చెయ్యి కుదురుకుంది. కోటుకి నా ఖర్చుతో గుడ్డ తెచ్చి మళ్లీ కత్తిరించాను.

ఇప్పుడు మాత్ర ఆమె ఎదుటే మింగుతున్నాను. నాలుక కూడా ఎత్తి చూపించమంటుంది. చూపిస్తాను. అయినా ఆమెకింకా అనుమానమే.