లోయవైపు తిరిగిన మనిషి

గౌను అంచు ఒక చేత్తో పైకి పట్టుకుని, వాగు మధ్యలో ఉన్న చదునైన రాయి మీద నిలబడింది కెజయా బెడోస్. ఒడ్డున మూడుకాళ్ళ కెమెరా వెనక, నల్లగుడ్డలో తల దూర్చిన ఆమె భర్త ఈనక్ లోపల్నుంచే అరిచాడు.

"ఇంకాస్త ఎడమకి."

"ఎడమకంటే నీళ్ళలోకే. నీకు చేప కావాలో పెళ్ళాం కావాలో తేల్చుకో."

"సరే, కదలకు మరి."

ఆమె కదలలేదు. కదలకుండా నిలబడడమే ఆమె పని. పెళ్ళయిన నాటి నుంచీ ఇంగ్లండులోని ఈ ష్రాప్‌షైర్ జిల్లా వంతెనల మీద, పిండిమరల ముందు, పొలాల గేట్ల దగ్గర అలా నిలబడుతూనే ఉంది. ఎప్పుడూ వీపే కెమెరాకి. మొహం కనిపిస్తే జనం మొహాన్నే చూస్తారనీ, వీపు కనిపిస్తే ఆ మనిషి దేన్ని చూస్తోందో దాన్ని చూస్తారనీ ఈనక్ నమ్మకం. అతను తీసిన లోయలూ కొండలూ పోస్టుకార్డులై ఊరూరా తిరిగాయి. వాటన్నిటిలోనూ ఎక్కడో ఒకచోట బొటనవేలంత కెజయా ఉంది.

ఆమె మొదట పాలు పితికే పిల్ల. ఎవరి ఆవులనో ఫొటో తీయడానికి వచ్చిన ఈనక్, అడ్డొచ్చిన ఆమెను పక్కకు తప్పుకోమని కేకేశాడు. తప్పుకోబోతుంటే, వద్దు, అక్కడే ఉండమన్నాడు. ఆ మాట మీదే ఉండిపోయానని ఆమె అందరికీ నవ్వుతూ చెప్పేది. పాలకుండల కావడి మోసి మోసి ఎడమ భుజం కాస్త ఎత్తుగా నిలిచిపోయింది. పిల్లలు కలగలేదు. ఫొటో పడే గాజు పలకలు కడగడం, గుర్రబ్బండిలో అవి పగలకుండా గడ్డి సర్దడం, ఫొటోకి భయపడేవాళ్ళను నవ్వించడం, ఇవన్నీ ఆమె చేతిమీద జరిగేవి.

వాగు దగ్గర పని ముగించుకుని, రొట్టె, జున్ను తిని, కుటుంబం ఫొటో అడిగిన గిట్టిన్స్ వాళ్ళ పొలానికి వెళ్ళారు. కోతల కాలం. ఇంటిల్లిపాదీ ధాన్యపు కొట్టం ముందు వరసగా నిలబడ్డారు గానీ, ఇంటి పెద్దావిడ సూసన్ మాత్రం వంటింటి కుర్చీలోంచి లేవలేదు.

"పొద్దున్నించీ ఇదే వరస," అంది కోడలు హానా. "బతిమాలి బతిమాలి నా నోరు పడిపోయింది."

"ఎండిన ఆపిల్‌లాంటి మొహం. ఎవడిక్కావాలి?" అంది ముసలావిడ.

కెజయా ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది. ఎదురుగా గోడ మీద అద్దం కట్టించిన ఫొటో ఒకటి ఉంది. క్లన్ ఊరి దగ్గరి రాతివంతెన. దాని మీద శాలువా కప్పుకుని, నీళ్ళలోకి చూస్తున్న ఆడమనిషి.

"అదిగో, మా మార్తా," అంది సూసన్. "నా చిన్నకూతురు. పెళ్ళయిన ఏడాదే పోయింది. ఆ వంతెన మీద సరిగ్గా అలాగే నిలబడేది. ఏ పుణ్యాత్ముడు తీశాడో."

గుమ్మంలో ఉన్న ఈనక్ నోరు తెరిచాడు. కెజయా అతనివైపు ఒక్క చూపు చూసింది. అతను నోరు మూశాడు. ఆమె మళ్ళీ ఫొటోకేసి తిరిగి, కాస్త ఎత్తుగా ఉన్న ఆ ఎడమ భుజాన్ని చూసింది.

"చక్కగా నిలబడింది పిల్ల," అంది. "కాకపోతే గోడ మీద ఒక్కతే ఉంది, పెద్దమ్మా. పక్కన మీరుంటే తోడుగా ఉంటుంది కదా."

సూసన్ చాలాసేపు ఆ గోడనే చూసింది. తర్వాత, "హానా, చర్చికి పెట్టుకునే నా టోపీ ఎక్కడ?" అంది.

అందరినీ ఫొటో తీసి, ఇద్దరూ తిరుగుదారి పట్టారు.

"నీ వీపు నీక్కాకుండా పోయింది," అన్నాడు ఈనక్.

"పోతే పోనీ. పిండిమర దగ్గర ఫొటోలో ఉన్నది తన పెళ్ళామేనని పబ్బు నడిపే ఆయన ఎప్పట్నుంచో చెప్పుకుంటున్నాడు. ఈ జిల్లాలో నేను చుట్టం కానిది ఎవరికి?"

"మనింట్లో మాత్రం నీ ఫొటో ఒక్కటీ లేదు, కెజీ."

"నేనే ఉన్నాను కదయ్యా ఇంట్లో. మళ్ళీ ఫొటో ఎందుకు?"

"రెండు పలకలు మిగిలాయి. ఒకటి కొండకి, ఒకటి నీకు. ఈసారి ఇటు తిరగాలి నువ్వు."

"ఈ మొహానికా? గాజు పగిలిపోతుంది." అందే గానీ, చేయి తనంతట తాను జుట్టు మీదికి పోయింది. కొంతదూరం పోయాక, "ముందే చెప్పుంటే నల్లగౌను వేసుకొచ్చేదాన్ని," అంది.

కొండ దగ్గర ఎండ ఏటవాలుగా పడుతోంది. ముందు కొండనే తియ్యమని, ఆమె పైనున్న రాతిగోడ దగ్గరికి బయల్దేరింది. దారిలో ఒకసారి ఆగి, లోయను చూస్తున్నట్టు నిలబడింది. మళ్ళీ నడిచింది. ఈనక్ కెమెరా నిలబెట్టి, పలక సిద్ధం చేసుకుని, గుడ్డలో తల దూర్చాడు. కెమెరా వెనక గాజులో అన్నీ తలకిందులు. అడుగున ఆకాశం, పైన కొండ, మధ్యలో గోడకి వేలాడుతున్నట్టు గుండుసూదంత కెజయా. ఆమె నిలబడలేదు. గోడకి భుజం ఆనించి, ఎప్పట్లాగే వీపు ఇటు పెట్టి కూర్చుంది. లేవమని అరవబోయి ఆగాడు. అలా కూర్చోవడమే బాగుంది. ఇన్నేళ్ళూ ఎందుకు తోచలేదో అనుకున్నాడు. మబ్బునీడ లోయ దాటేదాకా ఆగి, ఫొటో తీశాడు. చిన్న కదలిక కూడా లేదు.

"అయింది," అని కేకేశాడు. రెండో పలక కెమెరాలో పెట్టాడు. "ఇప్పుడు ఇటు తిరుగు, కెజీ."

గాలికి గడ్డి వంగింది. ఆమె టోపీ రిబ్బను లేచి మళ్ళీ పడింది.

"ఈ వయసులో సిగ్గేంటే? తిరుగు."

ఇంకోసారి పిలిచి, కొండెక్కాడు.

ఆమె చేయి ఇంకా వెచ్చగానే ఉంది. కళ్ళు సగం తెరిచి లోయవైపే ఉన్నాయి. ఈనక్ ఆమె పక్కన కూర్చుని, భుజం చుట్టూ చేయి వేసి, ఆమె చూస్తున్నవైపు చూశాడు. కింద గిట్టిన్స్ వాళ్ళ బండి గడ్డిమోపులతో నిదానంగా ఇంటికి పోతోంది. అది కొట్టంలోకి మలుపు తిరిగేదాకా అతను లేవలేదు. తర్వాత అవతలి గట్టు మీది గొర్రెలకాపరిని కేకేశాడు.

ఇద్దరూ ఆమెను గొర్రెల దొడ్డి తడికె మీద పడుకోబెట్టి మెల్లగా కిందికి దించుకుపోయారు. గోడమీది రాతిపలక మీద ఆమె పరిచిపెట్టిన చేతిరుమాలు అక్కడే ఉండిపోయింది. అందులో దారి పొడవునా కోసిన విన్‌బెర్రీ పళ్ళు, కొండంతా కాసే ఆ చిన్న నల్లపళ్ళు, గుప్పెడు ఉన్నాయి. బాగా పండినవి చిట్లి, తెల్లగుడ్డ మీద ఊదారంగు మరక అంచుల దాకా పాకుతోంది.