బొనింగ్ చీలమండ

నాకు మనుషుల పాదాలంటే రోత. ముప్పై ఏళ్ళుగా వాటిని పిసికి బతుకుతున్నదాన్ని, ఆ మాట అనే హక్కు నాకుంది. పగుళ్ళలో చేపల బజారు బురద, గోళ్ళ కింద నల్లటి మడ్డి, రబ్బరు చెప్పుల్లో నాని పాలిపోయిన వేళ్ళు. ఒక్కొక్కరు ఆ సొంపైన పాదాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "మనాంగ్ సిద్రింగ్, కాస్త చూడు" అంటారు. సొంత అక్కను పిలిచినట్టు ఎంత ప్రేమగా పిలుస్తారో! కడుక్కుని రావచ్చుగా అంటే మాత్రం మొహం చిట్లిస్తారు. ఎవరి కంపు వారికింపు.

మా ఊళ్ళో చీలమండ నొప్పి ఎరగని మనిషి లేడు. బజారు గచ్చు మీద చేప పొలుసులు తొక్కి జారేవాళ్ళు కొందరు. సిమెంటు కోర్టులో రబ్బరు చెప్పులతో బాస్కెట్‌బాల్ ఆడి కాలు మెలిపెట్టుకునేవాళ్ళు కొందరు. ఆల్చిప్పలూ బీరూ గొంతుదాకా పట్టించి, తెల్లారేసరికి కాలు టమాటాలా ఎర్రబడితే ఎవరో దిష్టి పెట్టారని ఏడ్చే యూరిక్ యాసిడ్ మహారాజులు ఇంకొందరు. నలభై ఏళ్ళు బుట్టలు మోసి కీళ్ళు అరగదీసుకున్న ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందరూ ముందు నా దగ్గరికే వస్తారు. ఆరోగ్య కేంద్రంలో బిళ్ళలిస్తారు, నేనైతే చేత్తో ముట్టుకుంటాను. మా వాళ్ళకు ముట్టుకోవడమే వైద్యం.

నేనేమీ మరీ గుడ్డిదాన్ని కాదు. ఒకసారి మునిసిపాలిటీ వాళ్ళు మాలాంటి బెణుకులు పట్టేవాళ్ళందరినీ పిలిచి మూడు రోజులు పాఠం చెప్పారు. మధ్యాహ్నం కోడికూర భోజనం. నాలుగు అడుగులు వెయ్యలేని కాలిని ముట్టుకోవద్దన్నారు. చీలమండ బుడిపె ఎముక నొక్కితే కేక పెట్టినా, కాలు వంకరపోయినా, వేళ్ళు చల్లబడి మొద్దుబారినా ఆసుపత్రికి పంపమన్నారు. వాపు ఎర్రగా, వేడిగా ఉండి ఒంట్లో జ్వరం కూడా ఉంటే ఆ పూట కూడా ఆగవద్దన్నారు. అంతవరకూ అందరం తలూపాం. బెణికిన కాలికి ముందు ఐసు పెట్టాలి అనేసరికి హాలంతా గొల్లుమంది. పనిచేసి వేడెక్కిన నరం మీద చల్లటిది పడితే పస్మా పట్టదూ? చేతులు వణికి, నరాలు ఉబ్బి, మనిషి ఎందుకూ పనికిరాకుండా పోడూ? పాపం చదువుకున్న పిల్లలు, వీళ్ళకేం తెలుసు అనుకుని కోడికూర తిని వచ్చేశాం.

బొనింగ్ నా ఆడపడుచు. చేపల బజారులో ఆమె నోరు విప్పితే పక్క వీధి కుక్కలు దారి మార్చుకుంటాయి. తూకంలో మోసం చేశావని ఎవరైనా అంటే ఆ మనిషి ఏడు తరాలనూ లేపి కూర్చోబెట్టి తిడుతుంది. అంతటి మనిషీ నా దగ్గర మాత్రం నోరెత్తదు. నా మాట ఆమెకు ఫాదరు చదివే సువార్తతో సమానం. మా ఆయన పోయిన తర్వాత అది ఇంకా ఎక్కువైంది.

ఒక మంగళవారం జారిపడి, కుంటుకుంటూ, గచ్చు పోసిన మేస్త్రీని తిట్టుకుంటూ వచ్చింది. నాలుగు అడుగులు వేసింది. ఎముక నొక్కితే కేక పెట్టలేదు. ఉత్త బెణుకే. ఆ సంగతి ఇప్పటికీ ఒప్పుకుంటాను, అది బెణుకే.

అయితే చీలమండ లోపలి వైపు బియ్యపు గింజంత గాయం ఉంది. పడినప్పుడు జెల్ల చేప ముల్లు గుచ్చుకుందట. నేను చూశాను. చూసి వదిలేశాను. ఆ పాదం పొద్దుటి నుంచి చేపల నీళ్ళలో నానింది. కంపు నా ముక్కు నుంచి కడుపులోకి దిగుతోంది. ఎప్పుడెప్పుడు ఒళ్ళోంచి దించేద్దామా అని ఉంది నాకు. కడుగుదామంటే నేనే రుద్ది వేడెక్కించిన కాలు, పస్మా పడుతుంది. అందుకని ఆ మురికి మీదే కొబ్బరి నూనె, అల్లం రాసి, అడవి ఆముదపు ఆకులు వెచ్చచేసి పరిచి, గుడ్డతో బిగించి కట్టాను.

"నేనొచ్చి విప్పేదాకా తడి తగలనిచ్చావో, నా గుమ్మం తొక్కకు" అన్నాను.

"తగలనిస్తే ఒట్టు మనాంగ్. కావాలంటే స్నానం కూడా మానేస్తా."

"నువ్వెప్పుడు చేశావు గనక మానడానికి?"

బొనింగ్ పడీపడీ నవ్వింది. అది నిజంగా మానేస్తుందని నాకు తెలియదా? తెలుసు. తన ఇంటి పెరట్లోంచి రెండు కూరగాయలు కోయాలన్నా నన్నడిగే మనిషి.

మర్నాడు పొద్దున్న నేను పడవెక్కి బకోలోద్ పట్నం వెళ్ళాను, మనవరాలి బాప్తిస్మానికి. మూడు రోజుల్లో తిరిగి రావాలి. తుఫాను సిగ్నలు ఎగరేశారు, పడవలు ఆపేశారు. మూడు కాస్తా తొమ్మిదయ్యాయి.

ఐదో రోజున బొనింగ్ నుంచి మెసేజి వచ్చింది. ఆమెకు రాయడం రాదు, భర్త కార్పో చేత రాయించి ఉంటుంది. "మనాంగ్, కట్టు కంపు కొడుతోంది. ఒకటే దురద. విప్పి కడుక్కోనా?" అప్పుడు నా నోట్లో కాల్చిన పంది తోలు కరకరలాడుతోంది. "కుళ్ళేది ఆకు, నీ కాలు కాదు. తడపకు" అని కొట్టి పంపాను. ఫోనుకు నా వేళ్ళ జిడ్డు అంటుకున్నందుకు చిరాకుపడ్డాను తప్ప ఇంకో ఆలోచన రాలేదు. రెండో ముక్క కూడా తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కొవ్వు గొంతులోకి ఎగదన్నుకొస్తుంది.

పదో రోజు పొద్దున్నే రేవులో దిగి, సంచీతో సహా నేరుగా బొనింగ్ ఇంటికి వెళ్ళాను. గుమ్మం ఇంకా పది అడుగులుండగానే వాసన కొట్టింది. మా ఇళ్ళలో రొయ్యల గినమోస్ జాడీలుంటాయి, ఊరేసిన కంపు మాకు కొత్త కాదు. ఇది అది కాదు. గినమోస్ కంపుకు నోరూరుతుంది. ఈ కంపుకు నా సంచీ చేతిలోంచి జారిపోయింది.

బొనింగ్ వెదురు మంచం మీద పడుకుని ఉంది. ఆ ఉక్కపోతలో రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. పెదవులు అట్టలు కట్టాయి. కాలు బయటికి చాపి ఉంది. ఆ కట్టు నేను కట్టిన కట్టే, ముడి కూడా నేను వేసిందే. గుడ్డ మీద పసుపూ ఆకుపచ్చా కలిసిన మరకలు, వాటి మీద ఈగలు.

"వచ్చావా మనాంగ్" అంది. బజారు దద్దరిల్లే గొంతు పిల్లి కూనలా ఉంది. "చూడు, ఒక్క చుక్క తగలనివ్వలేదు."

కార్పో స్టూలు మీద కూర్చుని విసురుతున్నాడు. "ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చింది మనాంగ్, మూడు రోజుల కిందట. కట్టు విప్పుతానంది. ఇది చెప్పు విసిరింది దాని మీద."

"విసిరితే విసిరిందిలే, నువ్వేం చేశావు?"

"నీ మెసేజి చూపించా. తడపొద్దని ఉందిగా."

పక్కింటావిడ కిటికీలోంచి తల పెట్టి, "ఆల్చిప్పలు తిన్నది కదా, యూరిక్ పొంగిందంటాను. మినుములు మాన్పించాం" అంది. వెనకనుంచి ఇంకెవరో, "వయసు మళ్ళిన కీలు, వాన వస్తే అంతే" అన్నారు. కాలు కుళ్ళుతుంటే ఊరంతా చుట్టూ నిలబడి వైద్యం చెబుతోంది. వాళ్ళ మీద ఉమ్మెయ్యాలనిపించింది. అందరికీ ఆ విద్య నేర్పింది ఎవరు మరి? నేనే.

ముడి విప్పాను. గుడ్డ చర్మానికి అతుక్కుంది. ఆకులు నల్లటి జిగురై గుడ్డతో పాటు లేచాయి. దాని కింద చీలమండ లేదు, వాపే ఉంది. ఎర్రగా, నిగనిగలాడుతూ, పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలిపోతోంది. బియ్యపు గింజంత గాయం వేలు పట్టేంత అయింది, అందులోంచి చీము కారుతోంది. ఒక ఎర్రటి చార పిక్క మీదుగా పైకి పాకింది. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తి, పక్కింటావిడ తల పక్కనే కక్కేశాను.

మూతి తుడుచుకుని వచ్చి, "కాలు కింద పెట్టు" అన్నాను. పెట్టలేకపోయింది. వేలి కొన ఆనగానే పళ్ళు గిట్టకరిచింది.

"నూనె వెచ్చచెయ్యనా మనాంగ్?" అన్నాడు కార్పో.

"నీ నూనె తగలెయ్య! ట్రైసికిల్ పిలుచుకురా. ఆసుపత్రికి."

"ఆసుపత్రా? అక్కడికి వెళితే కాళ్ళు కోసేస్తారని నువ్వే అంటావుగా?"

"నేను సవాలక్ష అంటాను. పిలుచుకురా ముందు!"

జిల్లా ఆసుపత్రి అత్యవసర గదిలో మా ఊరివాళ్ళే నలుగురు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కిందటి నెల నేను బెణుకు పట్టిన జీప్నీ బండి డ్రైవరు నన్ను చూసి లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. అంత గౌరవం నాకు. బొనింగ్‌ను చక్రాల మంచం మీద పడుకోబెట్టగానే అందరూ ముక్కుకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. బొనింగ్ సిగ్గుతో దుప్పటి కాలిమీదకు లాక్కుంది.

డాక్టరమ్మ నా కూతురి వయసుది. ఆ కాలిని చూసి ముక్కు మూసుకోలేదు. గ్లవుజు వేళ్ళతో ఎంత మెల్లగా పట్టుకుందంటే, ముప్పై ఏళ్ళలో నేను ఏ పాదాన్నీ అలా పట్టుకున్న గుర్తు లేదు.

"చీము కీలులోకి దిగినట్టుంది. నెత్తుట్లోకి కూడా ఎక్కుతోంది. ఇప్పుడే కడిగి, ఇవాళే ఆపరేషను చేసి కీలు శుభ్రం చెయ్యాలి. రేపటిదాకా ఆగితే కాలే తియ్యాల్సి రావచ్చు, ప్రాణానికే ముప్పు కావచ్చు. ఎన్ని రోజులైంది కడిగి?"

"తొమ్మిది" అంది బొనింగ్.

"తొమ్మిది రోజులు కడగలేదా? ఎవరమ్మా కడగొద్దన్నది?"

గదిలో అంతా విన్నారు. డ్రైవరు మెడ చాపాడు. కార్పో నా వైపు చూశాడు. నేను గోడ మీది గడియారం వైపు చూశాను. అవును, నేనే. ముప్పై ఏళ్ళు ఊరందరి పాదాలనూ ఛీ ఛీ అన్న సిద్రింగ్‌ను, గడియారం చూస్తూ నిలబడ్డాను.

"ఎవరూ అనలేదు డాక్టరమ్మా" అంది బొనింగ్. "నాకే బద్ధకం. స్నానమంటే చిన్నప్పటినుంచీ పడదు నాకు. మా ఆయన్నడుగు."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరమ్మ తల విదిలించింది. వెయ్యి మందిని చంపితేగాని అర వైద్యుడు కాడంటారు. ఆ లెక్కన నేను అర దాటానేమో గాని, చచ్చేవాళ్ళే నన్ను వెనకేసుకొస్తారని ఎవరూ చెప్పలేదు.

నర్సు బేసినూ నీళ్ళ సీసాలూ తెచ్చింది. మూత తీసి వంచబోయేసరికి బొనింగ్ ఒక్క అరుపు అరిచి కాలు లాక్కుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో బలం, మంచం చక్రాలు గచ్చు మీద కీచుమన్నాయి.

"వద్దు! తడపొద్దు!"

"అమ్మా, కడక్కపోతే కాలు పోతుంది" అంది నర్సు.

"పోతే పోనీ. తడిపితే పస్మా పడుతుంది. నాకు తెలుసు, తడపొద్దు!"

ఇద్దరు ఆయాలు వచ్చి భుజాలు పట్టుకున్నారు. బొనింగ్ జ్వరంతో కాలిపోతూ వాళ్ళను తన్నుతోంది. తన్నిన ప్రతిసారీ ఆ కుళ్ళిన కీలు మెలిపడుతోంది, తనే కేక పెడుతోంది. కార్పో బతిమాలాడు. డాక్టరమ్మ కోప్పడింది. ఆమె ఎవరి మాటా వినిపించుకోలేదు. కళ్ళు మాత్రం గదిలో ఎవరికోసమో వెతుకుతున్నాయి. నా మీద ఆగాయి. గొంతు తగ్గించి, పక్కవాళ్ళకు వినబడకూడదన్నట్టు, "మనాంగ్, నువ్వు పెట్టిన గడువైందా?" అంది.

నన్ను పట్టివ్వకుండా నా అనుమతి అడుగుతోంది. నా నోట్లో మళ్ళీ పులుపు ఊరింది. ఈసారి ఆ కాలి కంపుకు కాదు.

"డాక్టరమ్మా" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది, డ్రైవరుకూ వినబడాలనే. "కడగొద్దన్నది నేను. కట్టు కట్టిందీ నేనే. గాయం చూసి కూడా కట్టాను. కంపు కొడుతోందని అడిగితే తడపకు అన్నదీ నేనే. ఈమె మాటలు నమ్మకండి."

డాక్టరమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడకు అంత తీరిక లేదు, సీసా నర్సు చేతికి అందించింది. నేను మంచం దగ్గరికి వెళ్ళి ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, బేసిను మీదికి తెచ్చాను.

"గడువు లేదు, గాడిద గుడ్డూ లేదు. నేను చెప్పింది తప్పు బొనింగ్. మొదటి రోజే కడగాల్సింది. తడపనీ."

ఆమె వెంటనే ఒళ్ళు వదిలేసింది. నీళ్ళు ధారగా పడ్డాయి. నల్లటి జిగురూ, చీమూ, చేపల బజారు బురదా నా వేళ్ళ సందుల్లోంచి బేసినులోకి జారాయి. నర్సు రెండో సీసా వంచింది. బొనింగ్ కళ్ళు మూసుకుని, చాలాసేపటికి ఊపిరి వదిలింది.

"ఎంత హాయిగా ఉందో" అంది. తర్వాత కాస్త నిష్ఠూరంగా, "ఆ ముక్క మెసేజిలో చెప్పొచ్చుగా మనాంగ్. దురదతో చచ్చాను" అంది.