గాలి స్క్రూ తిప్పిందెవరు?

నర్సమ్మ కారు మూడోసారి షెడ్డు ముందుకొచ్చి ఆగేసరికి చెవుల మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఏ బండి అయినా వీధి మలుపు తిరుగుతుండగానే, చేతిలో పని ఆపకుండా, ఒట్టి చప్పుడు విని దాని రోగమేమిటో చెప్పేవాడు కాబట్టే ఆయనకా పేరు. అలాంటివాడు బాగుచేసిన బండి నెలలో రెండుసార్లు తిరిగిరావడమా!

"మళ్లీ అదే జబ్బు మేస్త్రిగారూ" అంది నర్సమ్మ దిగుతూనే. "సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కితే ఒక్క క్షణం ప్రాణం పోయినట్టు ఊరుకుంటుంది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడు. అప్పుడు ఒక్క దూకు దూకుతుంది. నా గుండె నోట్లోకొస్తోందంటే నమ్మండి."

మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం ఆవిడ ఉద్యోగం. రోజుకు పది గడపలు ఎక్కి దిగాలి. ఆ పాత కారు లేకపోతే ఆవిడకు కాళ్లు విరిచినట్టే.

మేస్త్రి బానెట్ ఎత్తి, గాలి వడపోసే డబ్బా విప్పి పక్కన పెట్టాడు. కార్బురేటర్ పక్కనున్న గాలి స్క్రూను లెక్కపెట్టుకుంటూ లోపలికి బిగించాడు. ఒకటి, ఒకటిన్నర... రెండు దాటింది. ఆయన వదిలింది ఒకటిన్నర చుట్టు దగ్గర. అది అంత బయటికి వచ్చేస్తే గాలి ఎక్కువై, పెట్రోలు పలచనై, తొక్కగానే ఇంజను తడబడక ఏం చేస్తుంది?

"స్టార్ట్ చెయ్యండమ్మా" అన్నాడు. ఇంజను వేడెక్కేదాకా ఆగాడు. తర్వాత స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, కళ్లు మూసుకుని విన్నాడు. గొంతు బొంగురుపోయే చోటు ఒకటి, ఊపిరాడక కొట్టుకునే చోటు ఒకటి. ఆ రెంటికీ మధ్య ఇంజను హాయిగా పాడే చోట చెయ్యి ఆపాడు. తొక్కమన్నాడు. తొక్కగానే అందుకుంది, ఎక్కడా తడబాటు లేదు.

ఆవిడ మొహం విప్పారింది గాని మేస్త్రి మొహం ముడుచుకునే ఉంది.

"అమ్మా, ఓ మాట. ఇది దానంతటది తిరిగే స్క్రూ కాదు. ఎవరో తిప్పుతున్నారు. ఇంట్లో బానెట్ ఎత్తేవాళ్లెవరున్నారు?"

నర్సమ్మ భుజాన ఉన్న సంచీ సర్దుకుంది.

"మా ఆయనకి బానెట్ ఎటువైపు తెరుచుకుంటుందో కూడా తెలీదు. మా బావగారు మాత్రం... రోజూ పొద్దున్నే ఎత్తి చూస్తుంటారు. బస్సు డ్రైవరు చేసి రిటైరయ్యారు."

"ఈ బండి గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నారా?"

"అమ్మెయ్యమంటారు. ఆడమనిషి ఒక్కత్తీ ఇంత పాత బండి వేసుకు తిరగడం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు."

"ఇంకేం మరి!" అన్నాడు మేస్త్రి. తన పనితనం మీద పడ్డ మచ్చ చెరిగిపోయినందుకు ఆయనకు లోలోపల ఎంత తేలికగా అనిపించిందంటే, ఎదుట నిలబడ్డావిడ మొహం పాలిపోవడం కనబడనేలేదు. స్క్రూ తల మీంచి పక్కనున్న కార్బురేటర్ మీదికి తెల్ల రంగుతో ఒక్కటే గీత గీశాడు. "ఈసారి కదిలితే దొంగ దొరికినట్టే."

పది రోజుల తర్వాత నాలుగోసారి వచ్చింది నర్సమ్మ. ఈసారి దిగడంలో ఆ చురుకు లేదు.

"అడిగేశాను మేస్త్రిగారూ. ఆగలేక ఆ రోజు సాయంత్రమే అడిగేశాను. బావగారు నా మొహంకేసి అలా చూస్తూ ఉండిపోయారు. 'నీ బండి వంక ఇక కన్నెత్తి చూడనమ్మాయ్' అన్నారు, అంతే. అప్పట్నుంచి కంచం తన గదిలోకే పట్టుకుపోతున్నారు. మా ఆయన నాతో ముభావంగా ఉంటున్నారు. అయినా మనసు ఊరుకోక ఇదిగో, ఇది కూడా చేశాను."

బానెట్ అంచుకు అడ్డంగా, గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు పట్టీ అంటించి ఉంది. దానిమీద ఆవిడ సంతకం. మర్నాడే అంటించిందట. మేస్త్రి గోరుతో అంచు తడిమి చూశాడు. ఊడదీసి మళ్లీ అంటించిన జాడ లేదు. నాలుగు అంచులూ దుమ్ము పట్టి గట్టిగా ఉన్నాయి. పట్టీ చీల్చి బానెట్ ఎత్తాడు.

తెల్లగీత రెండు ముక్కలై ఉంది. స్క్రూ ముప్పావు చుట్టు బయటికి వచ్చేసింది.

ఆయన బుర్ర గిర్రున తిరిగింది. కింది నుంచి చెయ్యి పెట్టారా? పిల్లి దూరే సందు కూడా లేదు. పోనీ ఈవిడే... ఛ! అలా అనుకుంటూనే ఊరికే స్క్రూను చూపుడువేలితో తాకాడు. స్క్రూడ్రైవరుకు గాని లొంగకూడని స్క్రూ, వేలికొసకే మెల్లగా తిరిగింది.

మేస్త్రి గబగబా స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

స్క్రూ మొత్తం విప్పాడు. దాన్ని కదలకుండా అదిమిపట్టాల్సిన చిన్న స్ప్రింగు చేతిలోకొచ్చింది. సన్నగా, మెత్తగా, వేడికి బిగువు పోయి ఉంది. అది కార్బురేటర్ స్ప్రింగు కాదు. మొట్టమొదటి రోజు శుభ్రం చేస్తుండగా అసలుది ఎగిరి మురిక్కాల్వలో పడిపోతే, ఈ పూటకి చాల్లే అని తన జేబులోని రాసుకునే పెన్ను విప్పి అందులోది పెట్టాడు. తర్వాత ఆ మాటే మరిచిపోయాడు. ఇంజను అదురుకి ఆ పెన్ను స్ప్రింగు స్క్రూను పట్టుకోలేక రోజుకింత వదిలేస్తోంది.

నర్సమ్మకు ఇదేమీ తెలియదు. బల్లమీద డబ్బాలో కొత్త స్ప్రింగులున్నాయి. ఒకటి మార్చేసి నోరు మూసుకుంటే ఎవరు అడగొచ్చారు?

"పట్టీ ఊడలేదు కదా మేస్త్రిగారూ" అంది ఆవిడ మెల్లగా. "బావగారు కాదంటే మరెవరు?"

ఆయన స్ప్రింగును అరచేతిలో పెట్టి చూపించాడు.

"నేనేనమ్మా."

మొత్తం చెప్పాడు. ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ ఆ స్ప్రింగు వంకే చూస్తూ, "పది రోజులు" అంది. సంచీ భుజాన వేసుకుని, "సరిగ్గా చేసి బండెక్కండి. ఈ మాట బావగారికి నేను చెప్తే సరిపోదు" అంది.

కొత్త స్ప్రింగు బిగించి, స్క్రూ సర్ది, మేస్త్రి వెనక సీట్లో ముద్దాయిలా కూర్చున్నాడు.

బావగారు తన గదిలో చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. మేస్త్రి గుమ్మంలోనే నిలబడి, నీళ్లు నమలకుండా చెప్పేశాడు. ఆయన ఇస్త్రీపెట్టె ఆపి, చొక్కా మడతపెట్టి, చివరికి అన్నారు.

"స్క్రూ సంగతి సరేనయ్యా. ఆ రేడియేటరు అడుగున కారుతోంది, చూశావా? నాలుగుసార్లు బానెట్ ఎత్తావుగా?"

మేస్త్రి చూడలేదు. స్క్రూ తిప్పిన చెయ్యిని వెతకడంలో ఇంకేదీ కనబడలేదు.

"రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్లు పోసేవాణ్ణి. పది రోజులుగా ఎవరూ పోసి ఉండరు" అంటూ ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచారు.

ఇంజను చల్లారనిచ్చి మూత తీస్తే లోపల నీటి జాడ లేదు. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పూట ఆవిడ పోవలసిన ఇళ్లు ఇంకా ఏడున్నాయి. దారిలో ఎక్కడో ఇంజను వేడెక్కి పట్టేసి ఉండేది.

"బావగారూ, నేను..." అంది.

ఆయన వినిపించుకోనట్టే బకెట్ తెచ్చి నింపారు. మేస్త్రి కారు కింద దూరి, కారే చోట ప్రస్తుతానికి సీలు వేశాడు. "ఇది రెండ్రోజులే ఆగుతుందండీ. ఎల్లుండి విప్పి అతికిస్తాను" అని ఈసారి గట్టిగా చెప్పాడు. నర్సమ్మ మిగిలిన ఇళ్లకు బయల్దేరబోతే బావగారు ముందు తలుపు తీసుకుని ఆవిడ పక్కన కూర్చున్నారు.

వీధి చివర ఎత్తు ఎక్కేటప్పుడు ఆవిడ పెడల్ తొక్కింది. బండి తడబడకుండా అందుకుంది. ఎత్తు సగంలో ఉండగా ఆవిడ చెయ్యి గేరు మీదికి పోయింది.

"అప్పుడే మార్చకమ్మాయ్" అన్నారు బావగారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఇంకాస్త లాగనీ."