అభ్యంతరం ఉందా?

ఉచితంగా సాఫ్ట్‌వేర్ రాసి లోకానికి పంచేవాళ్లంటే దేవుళ్లనుకునేది సాయిప్రియ, మూడేళ్ల క్రితం వరకు. వాళ్లను ఒక తాటి మీదికి తెచ్చే పని నెత్తికెత్తుకున్నాక ఆ భ్రమ కాస్తా వదిలింది. ఇప్పుడు వాళ్ల మొహాలు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

ఆమె అడిగిందేమైనా గొంతెమ్మ కోరికా? ఒకే పేజీని ఒకడి సాఫ్ట్‌వేర్‌లోంచి ప్రింట్ తీస్తే నిండుగా వస్తుంది, ఇంకొకడి దాంట్లోంచి తీస్తే కింది వరసలు ఎగిరిపోతాయి. అందరూ ఒకే ప్రింట్ పద్ధతికి కట్టుబడితే ఆ పీడ విరగడవుతుంది. అంతే. ఈ ఆదివారం ఒప్పందం కుదరకపోతే కొత్త విడుదలల్లోకి అది ఎక్కదు, ఆమె చాకిరీ అంతా గంగలో కలిసినట్టే.

పేట్ బషీరాబాద్‌లో ఒక టిఫిన్ సెంటర్ పై గదిలో ముగ్గురూ కూర్చున్నారు. సాఫ్ట్‌వేర్ రాసే ఒక జట్టుకు పెద్ద ఫణిభూషణ్. తన పాండిత్యానికి తనే మురిసిపోయే రకం. ఇంకో జట్టుకు మేడ్చల్ రాఘవేందర్. నోరు తెరిస్తే సోది. నెలనెలా ఆన్‌లైన్ సమావేశంలో అతను అందుకోగానే ఆమె అతని మాటలు వినపడకుండా శబ్దం కట్టేసి, కెమెరా ముందు తల ఊపుతూ దొండకాయలు తరుక్కునేది.

ఈ బృందానికో ఆచారం ఉంది, ఆమె పెట్టిందే. ఎవరైనా ఒక మాట ప్రతిపాదించి "అభ్యంతరం ఉందా?" అని అడగాలి. ఎవరూ కాదనకపోతే అది ఖాయం. ఓట్లు పెడితే వీళ్లు కొట్టుకు చస్తారని ఆ ఏర్పాటు.

ఇవాళ అసలు విషయం జోలికి ఎవరూ రాకుండా ఆమె ఎర వేసింది. ఒప్పందంలో ప్రింట్ బటన్ ఊదారంగులో ఉండాలని కూడా చేర్చింది. అనుకున్నట్టే ఇద్దరూ దాని మీద పడ్డారు.

"ఊదా ఏంటండీ, అసహ్యంగా! నీలం ఉండాలి. రంగుల మీద నేను వ్యాసమే రాశాను," అన్నాడు ఫణిభూషణ్.

"అందరిదీ నీలమే గదన్నా. పచ్చ వెట్టు, మస్తుంటది," అన్నాడు రాఘవేందర్.

ప్లేట్లలో ఉప్మా చల్లారిపోయింది. చివరికి ఆమె ఓడిపోయినట్టు నిట్టూర్చి, "సరే, నీలమే. మిగతాదానికి అభ్యంతరం ఉందా?" అంది. ఇద్దరూ నోరు మెదపలేదు. పిచ్చి వెధవలు, అనుకుంది లోలోపల.

"అయితే వచ్చే విడుదలలో రెండు జట్లూ పాత పద్ధతి తీసేయాలి."

"మేమెందుకు తీస్తం మేడం?" రాఘవేందర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పోయిన నెల మీటింగ్ల జెప్పిన గదా. గీ ఒప్పందం ఇష్టమున్నోళ్లకే, లేనోళ్లు పాతదే నడుపుకోవచ్చని. అభ్యంతరం ఉందా అని గూడ అడిగిన."

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"అందరికంటె ముందుగాల మీరే తల ఊపిన్రు. నా మాట గంత మంచిగ ఇనేది మీరొక్కరే అని మా ఇంట్ల గూడ చెప్పుకున్న."

"అవునండీ," అన్నాడు ఫణిభూషణ్. "మీరు ఊపారనే నేనూ ఊరుకున్నాను."

సాయిప్రియ ప్లేటు పక్కకు నెట్టింది. "అయితే ఆ మాట రద్దు చేద్దాం. అభ్యంతరం ఉందా?"

"ఉన్నది మేడం," అన్నాడు రాఘవేందర్ మర్యాదగా. "మా తాన పాత ప్రింటర్లు మస్తున్నయ్. గవి గూడ నడిచేటట్టు జర మార్చుండ్రి, అందరం వస్తం అని ఆ దినమే బతిమాలిన. మీరు నవ్వి ఊకున్నరు. ఇగ విడుదల దగ్గరవడ్డది, ఇప్పుడేం మారుస్తం?"

ఆ రోజు కూర బాగా కుదిరిందని కూడా గుర్తొచ్చిందామెకు. ఒళ్లు మండింది, ఈసారి తన మీదే. రాఘవేందర్ ఆ మార్పు ఎంత చిన్నదో మొదటినుంచీ వివరించడం మొదలుపెట్టాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని ప్రతి మాటా విన్నది.