ఆ తొమ్మిది వేల మంది

ఆ పొద్దున ఆకాశం మసిబట్టిన మూకుడు బోర్లించినట్టుంది. వాన పడదు, ఎండ రాదు. లెక్కలమ్మ ఆఫీసు మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. పైన పదకొండు మంది నవ్వుతూ ఉంటారని.

ఆ నవ్వులకు కారణం ఆమే. అదే ఆఫీసులో ఆమె అన్న చేసే వీడియో గేమ్ పేరు రేవు. అందులో తుపాకులుండవు, పందేలుండవు. ఆడేవాడు పడవవాడు. జనాన్ని ఏరు దాటిస్తూ వాళ్ల మాటలు వినడమే ఆట. మూడు భాగాలొచ్చాయి, ఒక్కోటీ తొమ్మిది వేలు అమ్ముడుపోయింది. ఏ ఆట ఎంత నడుస్తుందో తేల్చి చెప్పడం ఆమె పని. నిరుడు ఆ మూడు తొమ్మిదులూ కలిపి, ఇరవై ఏడు వేల మంది ఉన్నారు, నాలుగోది పెద్దగా చేయొచ్చు అని రాసిచ్చింది. ఆ కాగితం చూసే యజమాని ఎనిమిది మందిని కొత్తగా తీసుకున్నాడు.

పాత ఆటగాళ్లు తమ పడవను నాలుగో భాగంలోకి తెచ్చుకునే ఏర్పాటు కోసం, మూడు భాగాలూ కొన్నవాళ్ల జాబితాలను నిన్న ఆమె పక్కపక్కన పెట్టింది. మొదటి పేరు మూడింట్లోనూ ఉంది. రెండోదీ అంతే. వందో పేరు దాకా వేలితో దిగేసరికి ఆ వేలు చల్లబడిపోయింది. మిగతా పేర్లు కంప్యూటరుతో సరిచూసినా అదే తేలింది. ఇరవై ఏడు వేల మంది లేనే లేరు. ఆ తొమ్మిది వేల మందే మూడుసార్లు వచ్చారు.

యజమాని పదింటికొస్తాడు. సగమైన ఆటకి ఇంకెంతమందిని పెట్టాలో ఇవాళే తేలుస్తాడు.

అన్న గదిలోకెళ్లి ఆమె తలుపు దగ్గరగా వేసింది.

"ఏంటమ్మడూ, మొహం పాలిపోయింది? ఇవాళ వంట మా బావ చేశాడా?"

"నవ్వకన్నయ్యా." జాబితాలు ముందు పెట్టింది.

అతను మొదటి పది పేర్లూ పోల్చి చూశాడు. "ఇది ఇంకెవరికి తెలుసు?"

"నీకే."

"ఇవాళ్టికి ఊరుకో. ఆట బయటికి రానీ. నడిస్తే ఎవరడుగుతారు?"

"నడవకపోతే? ఇవాళైతే గోటితో పోతుంది. ఆర్నెల్లాగితే గొడ్డలి కావాలి."

"పిలవకుండా మూడుసార్లు తిరిగొచ్చారే వాళ్లు. అది గెలుపు కాదా?"

"గెలుపే. నలుగురు బతకడానికి సరిపడా గెలుపు. మనం పన్నెండు మందిమి."

అవతల గదిలో, ఆటకు బొమ్మలు గీయడానికి కొత్తగా చేరిన బొమ్మలమ్మ గొంతు వినబడింది. కొత్తింట్లో కిటికీ ఎంత పెద్దదో చేతులు చాపి చూపిస్తున్నట్టుంది. నిన్ననే మారింది ఆ ఇంటికి. లెక్కలమ్మ జాబితాలు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

పదింటికి యజమాని ఆ గదిలోకే వచ్చి కూర్చున్నాడు. "చెప్పమ్మాయ్. ఇరవై ఏడు ఈసారి ముప్పై అవుతుందా, నలభయ్యా?"

అన్న నేల చూపులు చూస్తున్నాడు. ముప్పై అంటే చాలు, ఈ గది దాటిపోవచ్చు.

"తొమ్మిదండీ."

"ఏంటి తొమ్మిది?"

"మొదట్నుంచీ తొమ్మిదేనండీ. వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు. కొత్తవాళ్లనుకుని కలిపేశాను. తప్పు నాది."

కేకలేస్తాడనుకుంది. వేయలేదు. చేతిలోని నిరుటి కాగితాన్ని ఒకసారి మడిచాడు, మళ్లీ మడిచాడు. కేకలేసినా బాగుండేదనిపించింది.

"ఆ తొమ్మిది వేల మందికే చేద్దాం," అన్నాడు చివరికి. "చిన్నగా. నలుగురితో."

"ఏ నలుగురండీ?" అడిగాడు అన్న.

"భోజనాలు కానీ. చెప్తాను."

గోడలకు చెవులుంటాయి గదా, వాళ్లు బయటికొచ్చేసరికే నవ్వులు ఆగిపోయాయి. మధ్యాహ్నం పొడుగాటి బల్ల చుట్టూ అందరూ డబ్బాలు విప్పారు. చివరి కుర్చీలో యజమాని కూడా కూర్చున్నాడు. పక్కవాళ్ల మొహంలోకి ఎవరూ చూడలేదు. బొమ్మలమ్మ తన డబ్బా మూత తీసి, ఎందుకో తుడిచి, మళ్లీ తుడిచింది. అన్న తన కూరలో సగం చెల్లెలి వైపు జరిపాడు. అదీ కలుపుకుని ఆమె తింది. పన్నెండు మందీ తిన్నారు.